నీడబొమ్మల చిత్రం ఇంట్లోనే తీయడం ఎలా: లొట్టె రైనిగర్ పద్ధతికి సమగ్ర మార్గదర్శి

1920లలో జర్మనీలో వచ్చిన ప్రయోగ చిత్రాల గురించి రాసినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే: నల్ల కాగితపు బొమ్మలు అంత సాఫీగా ఎలా కదులుతాయి, అదే పని మనం ఇంట్లో చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? 1926లో పూర్తయిన ‘యువరాజు అహ్మద్ సాహసాలు’ చిత్రానికి జర్మన్ దర్శకురాలు లొట్టె రైనిగర్ వాడిన పద్ధతిని ఆధారంగా చేసుకుని, ఫోన్ కెమెరాతో 30 సెకన్ల నీడబొమ్మల చిత్రం తీయడానికి కావలసిన క్రమాన్ని ఇక్కడ ఇస్తున్నాను. ఈ పనిలో చెడిపోయే వాటిలో ఎక్కువ భాగం మొదటి ఫ్రేము తీయకముందే, అంటే బల్ల, వెలుగు, కీళ్లు సిద్ధం చేసే దశలోనే చెడిపోతాయి. అందుకే సగానికి పైగా ఈ వ్యాసం తయారీకే పోయింది.

## 1. ఏం తీస్తున్నారో ముందు లెక్క వేసుకోండి

సెకనుకు 24 ఫ్రేముల చిత్రంలో ఒక్కొక్క భంగిమను రెండు ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 ఫొటోలు తీయాలి. ఆ లెక్కన 30 సెకన్లకు 360 ఫొటోలు అవుతాయి. తొలి ప్రయత్నానికి ఇంతకు మించి పెట్టుకోవద్దు.

నీడబొమ్మకు కళ్లూ పెదవులూ కనిపించవు. కోపమైనా భయమైనా మెడ వంపులో, భుజం ఎత్తులో, చేతివేళ్ల తీరులోనే తెలియాలి. కాబట్టి మాటలతో నడిచే కథ ఇక్కడ పనికిరాదు. ఒక మనిషి నడిచి రావడం, చెట్టు మీద పిట్టను చూసి ఆగడం, చేయి చాచడం, పిట్ట ఎగిరిపోవడం వంటి చేష్టల వరుస చాలు. ఆ చేష్టలను ఒక కాగితం మీద రాసి, ప్రతిదాని పక్కన సెకన్లూ ఫొటోల సంఖ్యా వేసుకోండి.

సంగీతం ఉంటే దాన్ని ఇప్పుడే ఎంచుకోవాలి. నిమిషానికి 120 దెబ్బల లయలో ఒక్కో దెబ్బ అర సెకను, అంటే 6 ఫొటోలు. మామూలు నడకలో ఒక అడుగుకు పట్టే సమయమూ దాదాపు అంతే కనుక ఆ లయ మొదటి చిత్రానికి బాగా కుదురుతుంది.

## 2. వెలుగు బల్ల

రైనిగర్ బల్ల సూత్రం సులువైనది. బొమ్మలు గాజు పలక మీద పడుకుని ఉంటాయి, వెలుగు కింద నుంచి వస్తుంది, కెమెరా పై నుంచి నేరుగా కిందికి చూస్తుంది. మన తోలుబొమ్మలాటలో బొమ్మ తెరకు ఆని నిలబడుతుంది, తోలు పలుచన కనుక రంగులు తెర మీదికి వస్తాయి. ఇక్కడ బొమ్మ పూర్తిగా నలుపు, కర్ర ఆధారం లేదు, గురుత్వాకర్షణే దాన్ని పట్టి ఉంచుతుంది.

కావలసినవి:

- 50 × 40 సెం.మీ. గాజు పలక, 5 మి.మీ. మందం, అంచులు అరగదీయించినది
- అదే కొలతలో పాలరంగు అక్రిలిక్ షీటు
- చదునైన ఎల్‌ఈడీ ప్యానెల్ లైటు, ఒకే తెలుపు రంగుది
- ఇవన్నీ మోయడానికి కదలని పెట్టె లేదా ఇటుకల వరుస

ప్యానెల్‌కూ అక్రిలిక్‌కూ మధ్య 8 నుంచి 10 సెం.మీ. ఖాళీ వదలండి. ఈ ఖాళీ లేకపోతే లైటు ఆకారం మధ్యలో తెల్లని మచ్చలా కనబడి, బొమ్మ దాని మీదుగా వెళ్లినప్పుడల్లా ఫొటోను పాడు చేస్తుంది. అక్రిలిక్ మీద గాజు, గాజు మీద బొమ్మలు: ఈ వరుస మార్చవద్దు. అక్రిలిక్‌ను పైన పెడితే గాలి పొడిగా ఉన్న రోజుల్లో స్థిర విద్యుత్తు వల్ల కాగితం దానికి అతుక్కుని, కదిలించినప్పుడు గంతులు వేస్తుంది.

లోతు కావాలనుకున్నవారు రెండో గాజు పలకను 5 సెం.మీ. ఎత్తున అమర్చి, నేపథ్యాన్ని కింది పలక మీద, బొమ్మలను పై పలక మీద ఉంచవచ్చు. కింది కొండలు కొద్దిగా మసకబారి దూరంగా కనిపిస్తాయి. రైనిగర్ బృందం 1920లలోనే ఇలా అంతస్తులుగా గాజు పలకలు పేర్చి పనిచేసింది. అయితే మొదటి చిత్రానికి ఒక్క పలకే మేలు, ఎందుకంటే రెండో పలక వచ్చిన వెంటనే ప్రతిబింబాల బెడదా దుమ్ము బెడదా రెట్టింపవుతాయి.

## 3. కెమెరాను బిగించడం

ఫోన్‌ను బల్లకు సరిగ్గా సమాంతరంగా, కెమెరా కిందికి చూసేలా పెట్టి బిగించాలి. ఒక గళ్ల కాగితాన్ని గాజు మీద పరచి చూస్తే గళ్లు నలువైపులా సమానంగా కనిపించాలి. ఒక వైపు గళ్లు చిన్నవవుతున్నాయంటే ఫోన్ ఆ వైపు ఎత్తుగా ఉన్నట్టు. 2× లెన్సు అమరికతో 40 సెం.మీ. వెడల్పు పట్టాలంటే చాలా ఫోన్లకు సుమారు 60 సెం.మీ. ఎత్తు అవసరమవుతుంది. మామూలు లెన్సుతో ఇంకా దగ్గరికి రావచ్చు గాని, చేతులు పెట్టడానికి చోటు మిగలదు.

ఫ్రేము అడుగు భాగం మీరు కూర్చునే వైపుకు ఉండేలా చూసుకోండి. తలకిందులుగా కనబడే బొమ్మను నడిపించడం అనవసరపు శ్రమ.

బిగించాక ఈ జాబితా పూర్తిచేయండి:

- ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ అయ్యాయి
- ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే స్థాయి) అతి తక్కువలో ఉంది
- షటర్ వేగం 1/25 సెకను లేదా అంతకంటే నెమ్మది. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్ కనుక అంతకంటే వేగమైన షటర్‌తో ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ వెలుగు మారవచ్చు
- ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంది, ఛార్జర్ తగిలించి ఉంది
- ఫొటో తీసే బటన్ ఫోన్ మీద కాకుండా బ్లూటూత్ రిమోట్‌లో (ఫ్లైట్ మోడ్‌లోనూ బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి) లేదా ఇయర్‌ఫోన్ తీగ మీద ఉంది
- కిటికీలు మూసి ఉన్నాయి, గదిలో వేరే లైటు లేదు
- సీలింగ్ ఫ్యాన్ ఆపి ఉంది

చివరిది ఎండాకాలంలో కష్టమే. కాని ఫ్యాన్ తిరుగుతుంటే పల్చటి కాగితం నేపథ్యం ప్రతి ఫొటోలోనూ వణుకుతుంది, దాన్ని తర్వాత సరిచేసే మార్గం లేదు. రాత్రి వేళ, నల్ల చొక్కా వేసుకుని పనిచేయడం మంచిది. తెల్ల చొక్కా గాజులో ప్రతిఫలిస్తుంది.

ఎక్స్‌పోజర్ నిర్ణయించేటప్పుడు ఏమీ లేని గాజు భాగం తెలుపుకు ఒక మెట్టు తక్కువగా కనిపించేలా ఉంచండి. పూర్తిగా తెల్లబడితే కాగితపు పొరల తేడాలు మాయమవుతాయి, బొమ్మ అంచులను వెలుగు తినేస్తుంది.

## 4. బొమ్మల కంటే ముందు చదరాలు

ఈ మెట్టును చాలామంది దాటవేస్తారు, దాటవేయవద్దు. జర్మన్ ప్రయోగ చిత్రకారుడు హన్స్ రిక్టర్ 1920ల మొదట్లో కేవలం కాగితపు చదరాలు, దీర్ఘచతురస్రాలు పెరగడం, తరగడం, జరగడం ద్వారానే ‘రిథ్మస్ 21’ చిత్రాన్ని నడిపాడు. చదరానికి కాళ్లూ చేతులూ లేవు కనుక అక్కడ నేర్వవలసింది వేగం ఒక్కటే, అది వచ్చాక బొమ్మ సగం వచ్చినట్టే.

నల్ల అట్టలో 11 చదరాలు కత్తిరించండి. భుజాలు సెంటీమీటర్లలో: 2.0, 2.4, 2.9, 3.5, 4.1, 5.0, 6.0, 7.2, 8.6, 10.3, 12.4. ఒక్కొక్కటి ముందుదానికి 1.2 రెట్లు. ఒక్కోదాన్ని ఫ్రేము మధ్యలో ఉంచి వరుసగా ఒక్కో ఫొటో తీస్తే, ఒక సెకనుకు కాస్త తక్కువ సేపట్లో చదరం మీదికి దూసుకొస్తుంది. ఇప్పుడు ప్రతిసారీ సరిగ్గా 1 సెం.మీ. పెంచుతూ ఇంకో వరుస తీసి పోల్చండి. రెండోది మొదట్లో గబుక్కున పెరిగి, చివరికి నీరసించినట్టు కనిపిస్తుంది. కంటికి ఆనేది ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందన్నది కాదు, ఎన్ని రెట్లు పెరిగిందన్నది.

రెండో సాధన: ఒకే చదరాన్ని ఎడమ నుంచి కుడికి సుమారు 30 సెం.మీ. జరపండి. మొదటి మూడు ఫొటోల్లో 2, 5, 10 మి.మీ. చొప్పున, మధ్యలో 20 మి.మీ. చొప్పున, చివరి మూడింటిలో మళ్లీ 10, 5, 2 మి.మీ. చొప్పున. తర్వాత అదే దూరాన్ని సమాన భాగాలుగా జరిపి చూడండి. మొదటి చదరానికి బరువున్నట్టు, రెండోది యంత్రం మీద జరిగినట్టు అనిపిస్తుంది. బొమ్మ చేయి లేపడం, తల తిప్పడం అన్నీ ఈ మొదటి తీరులోనే జరగాలి.

## 5. బొమ్మ గీయడం, కత్తిరించడం

40 సెం.మీ. వెడల్పు ఫ్రేములో పూర్తి మనిషి 16 సెం.మీ. ఎత్తుంటే చాలు. ముందు తెల్ల కాగితం మీద పక్క నుంచి చూసిన ఆకారాన్ని గీయండి. ముఖం ఎప్పుడూ పక్క వాటంలోనే ఉండాలి, ఎదురుగా చూస్తున్న ముఖం నీడలో వట్టి గుండ్రని మచ్చ. ముక్కు, గడ్డం, జుట్టు ముడి, తలపాగా వంటివి కాస్త అతిశయంగా గీస్తేనే పాత్ర గుర్తుపట్టేలా ఉంటుంది.

ప్రధాన పాత్రకు 15 ముక్కలు అవసరం: తల, ఛాతీ, నడుము కింది భాగం, రెండు పై చేతులు, రెండు ముంజేతులు, రెండు అరచేతులు, రెండు తొడలు, రెండు పిక్కలు, రెండు పాదాలు. దూరంగా నడిచిపోయే పాత్రకు 6 ముక్కలు సరిపోతాయి. దగ్గరి దృశ్యం కావాలంటే అదే బొమ్మ దగ్గరికి కెమెరాను తేవద్దు, తలనూ భుజాలనూ పెద్దగా వేరే బొమ్మగా కత్తిరించండి. రైనిగర్ చేసిందీ అదే. చిన్న బొమ్మను దగ్గరగా చూస్తే కత్తెర వంకరలన్నీ బయటపడతాయి.

అట్ట 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) నల్లది కావాలి. కొన్ని నల్ల చార్టులు చేతిలో నల్లగా ఉన్నా వెలుగు మీద గోధుమ రంగుగా మారతాయి. కొనే ముందు ఫోన్ టార్చి మీద పెట్టి చూడండి. కత్తిరించేటప్పుడు కత్తెరను నిలకడగా ఉంచి కాగితాన్ని తిప్పితే వంపులు నున్నగా వస్తాయి.

ప్రతి ముక్కలో కీలు వచ్చే చివరను గుండ్రంగా కత్తిరించండి. మోచేతి దగ్గర పై చేయి చివరా ముంజేయి చివరా ఒకే కొలత వృత్తాలుగా ఉండి, ఒకదాని మీద ఒకటి పూర్తిగా కప్పుకోవాలి. అప్పుడు చేయి ఎంత మడిచినా సందులోంచి వెలుగు కారదు.

## 6. కీళ్లు

పని మొత్తంలో ఎక్కువ ఓపిక అడిగేది ఇదే.

రెండు ముక్కల వృత్తాలను ఒకదాని మీద ఒకటి ఉంచి, సరిగ్గా కేంద్రంలో సూదితో గుచ్చండి. రైనిగర్ సన్నని తీగతో కీళ్లు కట్టేది. ఎలక్ట్రిక్ వైరు లోపల ఉండే సన్నని రాగి పోగు అందుకు సరిపోతుంది. పోగును రంధ్రంలోంచి దూర్చి, రెండు వైపులా చిన్న సుడిగా చుట్టి, చెంచా వెనుక భాగంతో నొక్కి చదును చేయండి. తీగ నచ్చకపోతే తోలుబొమ్మలకు వేసినట్టు గట్టి దారం దూర్చి రెండు వైపులా ముడి వేయవచ్చు, కాని దారపు కీలు కొన్ని వందల ఫొటోల తర్వాత వదులవుతుంది.

కీలు బిగువును ఇలా పరీక్షించండి. బొమ్మను గాజు మీద పెట్టి పై చేతిని మాత్రమే పుల్లతో నెట్టాలి. ముంజేయి తన కోణం మార్చకుండా పై చేతితో పాటే రావాలి. ముంజేయి వేలాడితే కీలు వదులు. పై చేతిని కదిపితే ఛాతీ కూడా లేస్తే కీలు మరీ బిగువు. రెండో లోపమే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే ఒక చేయి సరిచేయబోయి బొమ్మ మొత్తాన్ని జరిపేస్తారు, ఫొటోలను వరుసగా నడిపి చూపే స్టాప్‌మోషన్ యాప్‌లో ముందటి ఫొటో నీడ చూసి మళ్లీ పాత స్థానానికి తేవడానికి సమయమంతా పోతుంది.

బొమ్మ తేలికైతే గాజు మీద నిలవదు. ఆ రోజుల్లో సీసపు రేకును అట్టతో కలిపి వాడేవారు. సీసం విషపదార్థం కనుక ఇంట్లో, ముఖ్యంగా పిల్లలున్న చోట, అది వద్దు. ఛాతీకీ తొడలకూ పైవైపున సన్నని ఇనుప వాషర్లు అంటించి నల్లరంగు వేయండి. వెలుగు కింద నుంచే వస్తుంది కాబట్టి అవి ఫొటోలో పడవు. వాషరు అట్ట అంచు దాటకుండా మాత్రం చూసుకోవాలి.

## 7. నేపథ్యాలు

నేపథ్యానికి పల్చటి తెల్ల టిష్యూ కాగితం లేదా ట్రేసింగ్ కాగితం వాడండి. ఎన్ని పొరలుంటే అంత చీకటి అనేదే ఇక్కడి సూత్రం. ఆకాశానికి ఒక పొర, దూరపు కొండకు రెండు, దగ్గరి కొండకు మూడు, బొమ్మ నడవని నేలకు నాలుగైదు. కత్తిరించిన అంచు గట్టిగా కనిపిస్తుంది, చేత్తో చించిన అంచు పొగమంచులా కరుగుతుంది. మేఘాలను చించండి, మేడలను కత్తిరించండి.

- జిగురు ఫ్రేము బయట ఉండే అంచులకే రాయాలి. లోపల రాస్తే ప్రతి చుక్కా మరకగా కనిపిస్తుంది
- ట్రేసింగ్ కాగితం మీద వేలిముద్ర నూనె మచ్చలా మెరుస్తుంది, కాబట్టి అంచులు పట్టుకునే పని చేయాలి
- మడతలను తక్కువ వేడి ఇస్త్రీతో తీసేయాలి
- బొమ్మ నడిచే దారిలో మూడు పొరలకు మించి ఉండకూడదు. మించితే నల్ల కాళ్లు నేలలో కలిసిపోతాయి

## 8. కదిలించడం

ఇక్కడికి వచ్చాక వెనక్కి వెళ్లే అవకాశం లేదు. గీసే యానిమేషన్‌లో మధ్య బొమ్మను చెరిపి మళ్లీ వేయవచ్చు, ఇక్కడ 40వ ఫొటోలో చేసిన పొరపాటు 90వ ఫొటోలో తెలిస్తే మధ్యలోని 50 కూడా పోయినట్టే. అందువల్ల ప్రతి 12 ఫొటోలకు ఒకసారి ఆపి, యాప్‌లో నడిపించి చూడండి.

వేళ్లతో కాకుండా పుల్లతోగాని మొండి సూదితోగాని నెట్టండి. ప్రతి ఫొటోకూ ఒకే వరుస పాటిస్తే ఏ భాగాన్నీ మరిచిపోరు. నడకకు ఆ వరుస ఇది:

1. నేల మీద ఆనిన పాదాన్ని ఒక పుల్లతో నొక్కి పట్టండి.
2. నడుమును ముందుకు జరపండి. 16 సెం.మీ. బొమ్మకు అడుగు 6 సెం.మీ. అనుకుంటే, అడుగుకు 6 ఫొటోల చొప్పున ఒక్కోసారి 1 సెం.మీ.
3. ఆనిన కాలి తొడ, పిక్క సర్దండి. పాదం జరగకూడదు.
4. గాలిలో ఉన్న కాలిని ముందుకు తేండి, మోకాలు పిక్క కంటే ముందు వెళ్లాలి.
5. చేతులను కాళ్లకు ఎదురు దిశలో ఊపండి.
6. చివరగా తల. అది శరీరం కంటే ఒక ఫొటో ఆలస్యంగా స్పందిస్తే ప్రాణమున్నట్టు ఉంటుంది.

రెండు కాళ్లూ ఒకదానినొకటి దాటే ఫొటోలో నడుము అన్నిటికంటే ఎత్తుగా, కాళ్లు చాచి బరువు కొత్త పాదం మీద పడిన ఫొటోలో అన్నిటికంటే కిందుగా ఉండాలి. తేడా 3 మి.మీ. చాలు. ఈ పైకీ కిందికీ లేని నడక మంచు మీద జారినట్టు ఉంటుంది.

వెనక్కి తిరగడం నీడబొమ్మకు పెద్ద చిక్కు, ఎందుకంటే మధ్యలో ఎదురు ముఖం చూపలేం. మూడు మార్గాలున్నాయి: చెట్టు వెనుక తిప్పి ఎదురు దిక్కుగా పెట్టడం, దృశ్యం మార్చడం, లేదా బొమ్మ వంగి ముడుచుకున్న క్షణంలో ఒక్క ఫొటో తేడాతో బోర్లా తిప్పిన బొమ్మను ఉంచడం. చూసేవారికి సహజంగా తోచేది మూడోదే. కాని దానికి రెండు వైపులా కీళ్లు చదునుగా ఉండాలి, వాషర్లు లేని రెండో బొమ్మ సిద్ధంగా ఉండాలి.

## 9. నీరు, మంట, మాయ

నీటికి అలల అంచుతో కత్తిరించిన ట్రేసింగ్ కాగితాలు మూడు తీసుకోండి. పై దాన్ని ఫొటోకు 4 మి.మీ. కుడికి, మధ్యదాన్ని 2 మి.మీ. ఎడమకు, కింది దాన్ని 1 మి.మీ. కుడికి జరపండి. అహ్మద్ చిత్రంలో సముద్రాన్ని రైనిగర్ బృందంలోని బెర్తోల్డ్ బార్టోష్ ఇలాంటి పారదర్శక పొరలతోనే సాధించాడు. నక్షత్రాలకు నల్ల అట్టను సూదితో గుచ్చి, రంధ్రాల కింద టిష్యూ పొరలు పెట్టండి. కొన్నిటి కింద ఒక పొర, కొన్నిటి కింద మూడు పొరలు ఉంటే మెరుపులో తేడా వస్తుంది.

అదే చిత్రంలో మంత్రాల దృశ్యాలకు పనిచేసిన వాల్టర్ రూట్మన్ అందుకు మరో ప్రయోగ చిత్రకారుడు ఓస్కర్ ఫిషింగర్ రూపొందించిన మైనం కోసే యంత్రాన్ని వాడాడు. మైనపు దిమ్మను పొరలు పొరలుగా కోస్తూ, ప్రతి కోతకూ ఒక ఫ్రేము తీసేవారు. మన బల్ల మీద ఆ ఫలితానికి దగ్గరగా తేగలిగేది జల్లించిన సన్న ఇసుక. గాజు మీద పోసి కుంచెతో దారులు చేస్తూ ఫొటోలు తీయండి. ముగ్గుపిండి కూడా పనికొస్తుంది. తెల్లనిదైనా మందంగా పోస్తే కింది వెలుగుకు నల్లగానే కనిపిస్తుంది. ఈ దృశ్యాన్ని అన్నిటికంటే చివర తీయండి, ఒక్క రేణువు కీలులో దూరినా బొమ్మ పాడవుతుంది.

మెరుపు, మాయాచక్రం వంటివాటికి ప్రయోగ చిత్రకారుడు వికింగ్ ఎగ్గెలింగ్ 1924 నాటి ‘సింఫనీ డయాగనల్’లో చేసినట్టు ఆకారాన్ని భాగాలు భాగాలుగా వెల్లడించండి. నల్ల అట్టలో మెరుపు ఆకారాన్ని చిల్లుగా కోసి, దాని మీద ఇంకో నల్ల అట్ట కప్పి, ఫొటోకు కొంత చొప్పున లాగండి.

## 10. తరచు వచ్చే లోపాలు, సవరణలు

వెలుగు మిణుకుమిణుకుమంటోంది. షటర్‌ను ఇంకా నెమ్మది చేయండి. అయినా తగ్గకపోతే ఫ్రిజ్ లేదా మోటారు ఉన్న లైను నుంచి ప్యానెల్‌ను వేరే ప్లగ్గుకు మార్చండి, బ్యాటరీతో వెలిగే ప్యానెల్ ఉంటే ఇంకా నయం.

బొమ్మ ఫ్రేములోకి వచ్చినప్పుడు నేపథ్యం తెల్లబడుతోంది. ఎక్స్‌పోజర్ లాక్ ఊడింది. తీసినవాటిని సరిచేయడం కంటే ఆ దృశ్యాన్ని మళ్లీ తీయడమే తక్కువ పని.

పాదాలు జారుతున్నాయి. ఆనిన పాదం పక్కన, ఫ్రేములో కనబడని నల్ల నేల భాగం మీద తెల్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

అంచుల చుట్టూ బూడిదరంగు వలయం. అట్ట వంగి గాజు నుంచి లేచింది. రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచి, ఆ చోట ఇంకో వాషరు అంటించండి.

కదలిక గంతులు వేస్తోంది, కారణం తెలియడం లేదు. సాధారణంగా బల్లకు మోచేయి తగిలి ఉంటుంది. బల్ల కాళ్లనూ ట్రైపాడ్ కాళ్లనూ నేలకు టేపు వేసి, మోచేతులకు వేరే ఆధారం పెట్టుకోండి.

## 11. కూర్చడం, దాచడం

ఫొటోలను సెకనుకు 12 చొప్పున వరుసలో పెట్టి 24 ఫ్రేముల వీడియోగా ఎగుమతి చేయండి. మూకీల కాలంలో దృశ్యానికంతటికీ ఒకే రంగు అద్దేవారు; అహ్మద్ చిత్రానికీ అలాగే అద్దారు. రాత్రికి నీలం, మంటకు ఎరుపు, పగటికి పసుపు పూత వేస్తే సరిపోతుంది. ఒకే దృశ్యంలో రెండు రంగులు పెట్టవద్దు, కాగితపు పొరల పని కనబడకుండా పోతుంది.

చిత్రం పూర్తయినా కొంత కాలం బొమ్మలను పారేయకండి, ఒకటో రెండో ఫొటోలు మళ్లీ తీయవలసి రావచ్చు. కీళ్లన్నీ చాచి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, ఒక్కో పాత్రకు ఒక్కో ఫైలు చొప్పున బరువు కింద ఉంచండి. వానాకాలంలో అట్ట తేమ పీల్చి వంగుతుంది కనుక ఫైలులో సిలికా జెల్ పొట్లం వేసి, నేపథ్యం పొరల వరుసను ఫొటో తీసి అదే ఫైలులో పెట్టుకోండి.